నిద్ర కూడా డ్యూటీయే

రైల్వే క్రూ లాబీలో డ్యూటీకి సైన్ ఆన్ చేసేముందు మాచేత గొట్టంలోకి ఊదిస్తారు. మందు తాగినట్టు తేలితే ఆ రోజు ఇంజనెక్కనివ్వరు, ఆపైన శిక్ష కూడా తప్పదు. మంచి పద్ధతే. కానీ నిన్నా మొన్నా సరిగ్గా పడుకోకుండా వచ్చినవాణ్ని పట్టుకునే యంత్రం మా లాబీలో లేదు. 17 గంటలు ఏకబిగిన మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని డాసన్, రీడ్ అనే పరిశోధకులు 1997లోనే చూపించారు. మన దేశంలో రోడ్డు మీద బండి నడిపేవాడికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. పొద్దున ఆరింటికి లేచి, పగలంతా ఇంటి పనులు చూసుకుని, రాత్రి పదకొండింటికి డ్యూటీకి వచ్చినవాడికి ఆ 17 గంటలు లాబీ గుమ్మంలోనే నిండిపోతాయి. బండి కదలడం ఆ తర్వాత మాట.

కాజీపేట నుంచి బల్లార్షా వైపు గూడ్సు బండ్లు నడిపే లోకో పైలట్‌ని నేను. మా వెనకాల ఉండేది ఎక్కువగా బొగ్గు. నిండు రేకు నాలుగు వేల టన్నులు దాటుతుంది. బ్రేకు వేసినా చెప్పుకోదగ్గ దూరం పోయిగానీ నిలవదు. ఇంత బరువును లాగే పనిలో బలానికి పెద్ద చోటు లేదు, ఉన్నదంతా కన్నూ మనసూ. ఆ రెండింటికీ గండం తెల్లవారుజామున మూడు నుంచి ఐదు దాకా. ఒంట్లో వేడి తగ్గిపోయి, లోపలి గడియారం పడుకోమని గట్టిగా పోరే వేళ అది. ఆ గడియారం మన కణాల్లోని జన్యువుల్లోనే ఎలా నడుస్తుందో చెప్పిన ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. బహుమతి సంగతి తెలియకముందే ఆ గడియారం ఎంత మొండిదో మా రన్నింగ్ స్టాఫ్‌కి అనుభవమే.

ఇంజన్లో వీసీడీ అనే పరికరం ఉంటుంది. లోకో పైలట్ 60 సెకన్ల పాటు ఏ హ్యాండిలూ కదపకపోతే, ఏ బటనూ నొక్కకపోతే దీపం వెలుగుతుంది. ఎనిమిది సెకన్లు చూసి బజర్ మోగిస్తుంది. ఇంకో ఎనిమిది సెకన్లకీ పలక్కపోతే దానంతటదే బ్రేకులు వేసేస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఈ 76 సెకన్లలో బండి కిలోమీటరు పైనే పోతుంది. అంతకన్నా భయపెట్టే సంగతి ఇంకోటుంది. అలవాటు పడ్డ చెయ్యి సగం నిద్రలో కూడా ఆ బటన్ నొక్కేస్తుంది. కళ్లు తెరిచే ఉంటాయి, చెయ్యి పని చేస్తూనే ఉంటుంది, మనిషి మాత్రం అక్కడ ఉండడు. డాక్టర్లు మైక్రోస్లీప్ అనేది దీన్నే. అదే వేగంలో నాలుగు సెకన్ల కునుకంటే 65 మీటర్లకు పైగా బండిని గాలికి వదిలెయ్యడమే.

అందుకే మాకు సిగ్నల్ పిలుపు అనే నియమం ఉంది. కన్ను చూస్తే చాలదు, నోరు చెప్పాలి, చెయ్యి చూపాలి. అసిస్టెంట్ పలికిందాన్ని లోకో పైలట్ తిరిగి పలకాలి. కొత్తగా చేరినవాళ్లకు ఇదంతా చాదస్తంలా కనిపిస్తుంది. నిజానికి రాత్రి మూడు దాటాక పక్కవాడి మెలకువను కొలవడానికి నా దగ్గరున్న సాధనం వాడి గొంతొక్కటే.

ఒకసారి పెద్దపల్లి దాటి రామగుండం వైపు పోతున్నాం. దూరంగా ఎన్టీపీసీ దీపాలు కనబడుతున్నాయి. డిస్టెంట్ సిగ్నల్ ఎప్పట్నుంచో కళ్లెదుటే ఉన్నా, మా అసిస్టెంట్ కుర్రాడు అది బాగా దగ్గరపడ్డాక గానీ ‘డబుల్ ఎల్లో’ అనలేదు.

‘తమ్ముడూ, మాట వెనకబడుతోంది’ అన్నాను.

‘లేదు సార్, చూస్తూనే ఉన్నా.’

‘చూస్తున్నావులే. లేచి నిలబడి చెప్పు.’

నిలబడ్డాడు. సీసాలో నీళ్లు దోసిట్లో పోసుకుని మొహం కడుక్కున్నాడు. తర్వాతి సిగ్నల్‌కి గొంతు సరైన దూరంలోనే పలికింది. మంచిర్యాలలో లూప్ లైన్లో నిలిపినప్పుడు అడిగితే చెప్పాడు: ఇంట్లో నెలల పాప, పగలు రెండు గంటలు పడుకున్నాడో లేదో. అబద్ధమాడాలని వాడు ‘చూస్తూనే ఉన్నా’ అనలేదు. నిజంగానే అలా అనుకున్నాడు. నిద్రలేమి ముందుగా ఎత్తుకుపోయేది తన స్థితి తాను తెలుసుకునే శక్తినే. 2003లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో రెండు వారాల పాటు రోజుకు ఆరు గంటలే పడుకున్నవాళ్లు, కనీసం ఒక రాత్రంతా మేలుకున్నవాళ్ల స్థాయికి దిగిపోయారు. అడిగితే మాత్రం కొంచెం మగతగా ఉందంతే అన్నారు.

మాకు విశ్రాంతి లేదా అంటే ఉంది. ఎనిమిది గంటలు, ఆపైన డ్యూటీ చేసి ఇల్లు చేరితే హెడ్‌క్వార్టర్లో 16 గంటల రెస్టు. కాగితం మీద అది భేషైన అంకె. ఇప్పుడు లెక్క చూడండి. పొద్దున ఏడింటికి సైన్ ఆఫ్ చేస్తే రాత్రి పదకొండుకి రెస్టు ముగుస్తుంది. కాల్ అంతకన్నా ముందే వస్తుంది. అంటే ఒళ్లు మేలుకోవాలని చూసే పగలంతా పడుకోమనీ, పడుకోవాలని చూసే రాత్రి లేవమనీ. ఎండ కిటికీలోంచి పడుతుంటే నాలుగైదు గంటలు పట్టడమే గొప్ప. గూడ్సుకి వేళాపాళా ఉండదు కాబట్టి, మేం అదే వేళకు అలవాటు పడదామన్నా కుదరదు.

ఆ నిద్ర బాకీ వసూలయ్యేది ఇంట్లో. వరసగా రెండు మూడు నైట్లు పడ్డాక నా మాట నాకే కటువుగా వినిపిస్తుంది. కూరలో ఉప్పు తక్కువైతే అది పెద్ద గొడవ. క్రూ కంట్రోలర్ మామూలుగా అడిగిన మాటలో కూడా వెటకారం కనబడుతుంది. నిద్ర చాలనప్పుడు మెదడులో భయానికీ కోపానికీ మూలమైన అమిగ్డాలా అనే భాగం రెచ్చిపోతుందనీ, దాన్ని అదుపు చేసే ముందు మెదడు పట్టు సడలుతుందనీ నిపుణులు చెబుతారు. మా ఆవిడ ఏ పుస్తకం చదవకుండానే ‘మీరు ముందు పడుకోండి, ఆ సంగతి సాయంత్రం మాట్లాడుకుందాం’ అంటుంది. సాయంత్రానికి చాలాసార్లు మాట్లాడాల్సిన సంగతే మిగలదు.

కొన్ని మాత్రం సాయంత్రానికి పోవు. బండి కింద మనిషి పోవడం ఈ ఉద్యోగంలో తప్పని దుఃఖం. హారన్ మోగిస్తూ, ఎమర్జెన్సీ బ్రేకు వేసి, ఇక చెయ్యగలిగింది ఏమీ లేక చూస్తూ ఉండాలి. ఆ తర్వాత కళ్లు మూస్తే అదే ట్రాకు. నిద్ర పట్టక దిగులు, దిగులుతో నిద్ర పట్టకపోవడం. నిద్రలేమి వదలకుండా ఉన్నవాళ్లకు డిప్రెషన్ వచ్చే ముప్పు మిగతావాళ్లకన్నా దాదాపు రెట్టింపు. ‘లోకో పైలట్ అన్నాక గుండె గట్టిగా ఉండాలి’ అని భుజం తట్టి మళ్లీ బండెక్కించే పాత మాట ఇక చాలు. రెండు మూడు వారాలైనా నిద్ర దారిలో పడకపోతే డాక్టరుకి చూపించుకోవాలి. ఆసుపత్రికి వెళ్లడానికి మొహమాటమైతే ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. 14416కి ఏ వేళప్పుడైనా చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

జూనియర్లకు నేను చెప్పేవి నాలుగే. నైట్ ఎక్కేముందు సాయంత్రం గంటన్నర పడుకో. టీ ప్రభావం గంటల తరబడి ఉంటుంది, కాబట్టి రాత్రి మొదటి సగంలో తాగు, దిగబోయే ముందు వద్దు. పొద్దున ఇంటికి పోయేటప్పుడు నల్లద్దాలు పెట్టుకో, వెలుగు కళ్లలో పడితే వచ్చే నిద్ర కూడా పోతుంది. పడకగదికి మందపాటి తెర కట్టి, ఫోను ఇంకో గదిలో పెట్టు. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు, ఇంటివాళ్ల సాయం మాత్రం కావాలి.

ఈ కష్టం రైల్వేదొక్కటే కాదు. నర్సులు, సింగరేణి నైట్ షిఫ్టు కార్మికులు, ఆర్టీసీ డ్రైవర్లు, ఊళ్లో పోలీసులు, రాత్రి లాగిన్ అయ్యే సాఫ్ట్‌వేర్ పిల్లలు, అందరిదీ ఇదే లెక్క. ఇంజన్లో మాకు కవచ్ వస్తోంది, ఎర్ర సిగ్నల్ దాటబోతే బండిని ఆపేస్తుంది. కవచ్ బండిని కాపాడుతుంది గానీ మనిషికి నిద్ర ఇవ్వలేదు. అది ఇవ్వాల్సింది రోస్టరు వేసే అధికారులూ, ఇరుగుపొరుగూ. వరస నైట్లు తగ్గించండి. మీ వీధిలో నైట్ దిగి వచ్చినవాళ్లుంటే మధ్యాహ్నం మైకు సౌండు కాస్త తగ్గించండి, తలుపు కొట్టకండి. పగలు పడుకున్న మనిషిని బద్ధకస్తుడనకండి. వాడు ఆ రాత్రి డ్యూటీకి సిద్ధమవుతున్నాడు.