అట్ట మీద లేని పేర్లు

పెళ్ళి ఊరేగింపు వీధిలోకి వస్తోందంటే చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి పరుగెత్తని ఆడవాళ్ళుంటారా? స్టవ్వు కట్టేసి వెళ్ళేవాళ్ళు తెలివైనవాళ్ళు, అంతే తేడా. వెళ్ళి ఏం చూస్తాం? పెళ్ళికూతురి చీర చూస్తాం, నగలు చూస్తాం, ఈడూ జోడూ కుదిరిందో లేదో అక్కడికక్కడే తేల్చేస్తాం. ముందు నడిచే బ్యాండు మేళంలో క్లారినెట్టు వాయించే అతని మీద కూడా ఓ చూపు పడుతుంది. పాట అతని చేతిలో ఉంటుంది కదా! చివరి వరుసలో పెద్ద డ్రమ్ము మోసుకుంటూ వచ్చే మనిషిని మాత్రం ఎవరూ చూడరు. ఆ డ్రమ్ము మీద మేళం పేరూ, ఊరి పేరూ ఇంతింత అక్షరాలతో రాసి ఉంటాయి. మోసేవాడి పేరు ఉండదు. కాని ఒక్క సంగతి గమనించండి. క్లారినెట్టు ఆగినా జనం నడుస్తూనే ఉంటారు. డ్రమ్ము ఆగిందా, ఊరేగింపే ఆగిపోతుంది.

సన్నాయి మేళంలోనూ అంతే. మా జంగారెడ్డిగూడెం వాళ్ళం చాలామందిమి ద్వారకా తిరుమల కొండ మీద పెళ్ళిళ్ళు చేస్తుంటాం. అక్కడ సన్నాయి విద్వాంసుడి పక్కన ఒకాయన బుగ్గలు పూరించుకుని ఒకే ఒక్క స్వరం పట్టుకుని కూర్చోవడం నేను చిన్నప్పటి నుంచీ చూశాను. శ్రుతి పట్టేవాడంటారు ఆయన్ని. గంటల తరబడి ఆయనకి రాగం లేదు, తాళం లేదు, మెచ్చుకోలు లేదు. ఇప్పుడా పని చాలా చోట్ల కరెంటు శ్రుతిపెట్టె చేసేస్తోంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా అబ్బాయి తెచ్చిన రికార్డు మూలంగా.

మావాడు ఉద్యోగరీత్యా అమెరికాలో డెట్రాయిట్ దగ్గర ఉంటున్నాడు. కార్ల ఊరు అది. కిందటిసారి వచ్చినప్పుడు పెట్టెలోంచి చాక్లెట్లతో పాటు ఒక ఎల్.పి. రికార్డు తీశాడు. అటక మీద ఉన్న మా పాత రికార్డు ప్లేయరు దింపి, బూజు దులిపి, ఘంటసాల గారి భగవద్గీత తిరిగిన పళ్ళెం మీద దాన్ని పెట్టాడు. మార్విన్ గే అనే నల్లజాతి గాయకుడు 1971లో ఇచ్చిన ‘వాట్స్ గోయింగ్ ఆన్’ అట. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన తమ్ముడు చెప్పిన మాటలు విని కదిలిపోయి చేసిన పాటలట. గొంతు పట్టులా ఉంది. నాకు బాగానే నచ్చింది.

“అమ్మా, గొంతు వదిలెయ్. కింద విను” అన్నాడు.

కిందేముంది? వంగి ప్లేయరు కిందకి చూశాను. వాడు పడీ పడీ నవ్వి, లావుపాటి నాలుగు తీగలుండే బాస్ గిటారు గురించి చెప్పాడు. అప్పుడు వినిపించింది. పాట కింద ఇంకో పాట. గాయకుడు నడిచే దారిలో ముందే నీళ్ళు చల్లి ముగ్గు పెట్టినట్టు, బరువుగా, మెత్తగా నడుస్తోంది.

దాన్ని వాయించినాయన జేమ్స్ జేమర్సన్. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే తీగలు మీటేవాడట. వాళ్ళ కంపెనీ మోటౌన్. బెర్రీ గోర్డీ అనే ఆయన 1959లో ఇంట్లోవాళ్ళ దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని మొదలుపెట్టాడు. మామూలు ఇల్లే స్టూడియో. ఆడవాళ్ళు వినవలసిన ముచ్చట ఒకటుంది. ఆ ఆఫీసులో సెక్రటరీగా పనిచేసిన మార్తా రీవ్స్ తరవాత అక్కడే పెద్ద గాయని అయింది. ఆ గాయనీ గాయకుల పేర్లు ప్రపంచమంతా మోగాయి. వాళ్ళ వెనక రోజూ అదే గదిలో వాయించిన బృందం ఒకటే. తమలో తాము ‘ఫంక్ బ్రదర్స్’ అనుకునేవారు. పన్నెండేళ్ళ పాటు ఎన్ని రికార్డులకు వాయించినా వాళ్ళ పేర్లు అట్ట మీద వెయ్యలేదు. 1971లో ఈ రికార్డు అట్ట మీదనే మొదటిసారి వేశారు. జేమర్సన్ 1983లో పోయాడు. ఆ బృందం కథ సినిమాగా వచ్చి లోకానికి తెలిసేసరికి 2002 అయింది.

“ఇలాంటి సంగీతాన్ని ఏమంటార్రా?” అన్నాను.

సోల్ అన్నాడు, ఫంక్ అన్నాడు, గ్రూవ్ అన్నాడు. మొదటి రెండూ నా తలకెక్కలేదు గాని మూడోది వెంటనే ఎక్కింది. గ్రూవ్ అంటే గాడి. రికార్డు మీద ముల్లు నడిచేదీ గాడే. చూడ్డానికి వందల గీతలున్నట్టు కనిపిస్తుంది కాని, నిజానికి ఒక వైపంతా అంచు నుంచి మధ్యకి చుట్టుకుంటూ పోయే ఒకే ఒక్క గాడి. కాపురం గాడిలో పడిందంటాం చూడండి, వాయించేవాళ్ళందరూ ఒకరి మనసు ఒకరికి తెలిసినట్టు నడిస్తే పాట కూడా అలాగే గాడిలో పడుతుందట.

ఇది మనకి తెలియని విద్యేమీ కాదు. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే రోట్లో వడ్లు దంచడం చూసినవాళ్ళు మీలో ఉండే ఉంటారు. ఒక రోకలి లేస్తే రెండోది దిగాలి. రవ్వంత తేడా వచ్చిందంటే రోకళ్ళు ఢీకొంటాయి. దెబ్బ ఎంత ముఖ్యమో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ అంత ముఖ్యం. అందులోంచే పాట పుట్టేది. ఫంక్ అంటే ఇదేనేమో అన్నాను. “ఇదే!” అని మావాడు ఎగిరి గంతేశాడు.

ఆ ఫంక్‌కి పెద్దదిక్కు జేమ్స్ బ్రౌన్. అంతవరకూ వాళ్ళ పాటల్లో రెండో దెబ్బ, నాలుగో దెబ్బ బలంగా పడేవి. ఈయన మొదటి దెబ్బ మీద బరువు వెయ్యమన్నాడు. మన తాళంలో సమం మీద కలుసుకున్నట్టే. 1960ల నడుమ నుంచి ఆ పద్ధతే నిలబడింది. క్రమశిక్షణ మాత్రం గట్టిదే! స్వరం తప్పినా, బూట్లు మెరవకపోయినా వాయించేవాళ్ళకి జరిమానా వేసేవాడట. మా కాలపు అత్తగార్లు నయం, డబ్బులు వసూలు చెయ్యలేదు.

ఆయన దగ్గర క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అని డ్రమ్ముల మనిషి ఉండేవాడు. చిన్నప్పుడు ఊళ్ళో ఫ్యాక్టరీల చప్పుడూ, రైళ్ళ చప్పుడూ విని లయ నేర్చుకున్నాడట. 1969లో రికార్డు చేసిన ‘ఫంకీ డ్రమ్మర్’ అనే పాటలో కాసేపు మిగతా వాయిద్యాలన్నీ ఆగి ఇతనొక్కడే వాయిస్తాడు. అర నిమిషం కూడా ఉండదు. తరవాతి కాలంలో ర్యాప్ పాటలవాళ్ళు ఆ ముక్కని కత్తిరించి తమ పాటల్లో అతికించుకున్నారు. ఒకరా ఇద్దరా, వెయ్యికి పైగా పాటల్లో ఆ చేతుల చప్పుడే ఉందంటారు. పాట హక్కు జేమ్స్ బ్రౌన్ పేర ఉంది. వాయించినవాడికి దక్కింది ఆనాటి కూలి. ఆయన 2017లో పోయాడు.

కథ అక్కడిది మాత్రమేనా? మనిళ్ళల్లో ఉన్న సినిమా రికార్డుల అట్టలు తిరగేసి చూడండి. హీరో బొమ్మ, సంగీత దర్శకుడి పేరు, కవి పేరు, పాడినవాళ్ళ పేర్లు ఉంటాయి. ఇళయరాజా గారి పాటల్లో గుండె కొట్టుకున్నట్టు నడిచే బాస్ గిటారు శశిధరన్ వాయించారనీ, గిటారు సదానందం గారిదనీ, కీబోర్డు విజీ మాన్యువల్ గారిదనీ మనలో ఎందరికి తెలుసు? ఆ పాటలతోనే పిల్లల్ని నిద్రపుచ్చాం, వంటలు చేశాం, అలకలు తీర్చుకున్నాం.

ఇక మా ఇంటి సంగతి. మా మామగారు పద్యాల మనిషి. పొగాకు బారన్ దగ్గర కాపలా పడుకున్న రాత్రుళ్ళు కూడా తిరుపతి వెంకట కవుల పద్యాలు ఎత్తుకునేవారు. చుట్టుపక్కల ఊళ్ళల్లో శాలువాలు కప్పించుకున్నారు. 1986లో ఎవరో టేప్‌రికార్డరు తెస్తే మా సావిట్లో కూర్చుని గంటసేపు పాడారు. ఆ క్యాసెట్టు ఉంది. డబ్బా మీద ఆయన పేరు, తేదీ, పద్యాల వరుస ఆయన దస్తూరీలోనే ఉన్నాయి.

మావాడు వెళ్ళేలోపల దాన్ని కంప్యూటరులోకి ఎక్కిస్తానన్నాడు. ముగ్గురం కూర్చుని విన్నాం. మామగారి గొంతు గదంతా నిండిపోయింది. రెండో పద్యం చివర రాగం తీసి తీసి ఆయన ఊపిరి కోసం ఆగారు. ఆ ఖాళీలో శ్రుతిపెట్టె ఒక్కటే వినిపించింది. దానితో పాటు సన్నగా గాజుల చప్పుడు.

“అమ్మా, అది మామ్మ కదూ!” అన్నాడు మావాడు.

మామ్మే. మా అత్తగారు. ఆయన సాధన చేస్తున్నంతసేపూ ఎడమచేత్తో శ్రుతిపెట్టె తొక్కిపెట్టి నడుపుతూ, కుడిచేత్తో చేటలో బియ్యంలో రాళ్ళేరుకునేవారు. ఆయన పాటలో పడి శ్రుతి జారితే తలెత్తి చూసేవారు కాదు. పెట్టెని కాస్త గట్టిగా నొక్కేవారు. శ్రుతి ఒక్కసారి గుప్పుమనేది. ఆయన వెనక్కి వచ్చేసేవారు. సభలో శాలువా కప్పినప్పుడు ఆవిడ ఇంట్లో వడియాలు ఆరబెడుతూ ఉండేవారు. ఆవిడ గొంతు ఎవరూ పట్టి ఉంచలేదు. ఆ గాజుల చప్పుడే ఉన్నది.

“ఫైలుకి ఏం పేరు పెట్టను?” అన్నాడు మావాడు.

మామగారి పేరు చెప్పాను. “శ్రుతి అని రాసి మీ మామ్మ పేరు కూడా రాయి” అన్నాను.

మావారు పేపరు దించారు. “శ్రుతిపెట్టె నొక్కినందుక్కూడా పేరు వేస్తారటే?” అన్నారు.

నేనేమీ అనలేదు. మావాడు వెనక్కి జరిపి ఆ ఊపిరి తీసుకునే చోటు మళ్ళీ పెట్టాడు. శ్రుతి, గాజులు. ఇంకోసారి పెట్టమన్నారు మావారు. ఇంకోసారి విన్నారు. కళ్ళజోడు తీసి కండువాతో చాలాసేపు తుడుచుకున్నారు. తరవాత తనే పెన్ను తీసుకుని, క్యాసెట్టు డబ్బా మీద తండ్రి దస్తూరీ కింద మిగిలిన కాస్త చోటులో అమ్మ పేరు ఇంటిపేరుతో సహా రాశారు.

ఆ పేరేమిటని మీరడుగుతారు. అత్తగారిని పేరు పెట్టి పిలిచే అలవాటు మా ఇళ్ళల్లో లేదు. డబ్బా మీద ఉంది, మా ఇంటికొచ్చి చదువుకోండి.