కొండవాలా... ఏటిగట్టా... సంద్రపొడ్డా?

వేసవి సెలవులనగానే ప్రతి ఇంట్లోనూ ఓ పెద్ద చర్చ. నాన్న ఊటీ అంటాడు. అమ్మ తిరుపతి అంటుంది. పిల్లలకు నీళ్లున్న చోటు ఏదైనా ఫర్వాలేదు. ఉత్తరాంధ్రలోనైతే ఈ చర్చ చివరికి తేలేది ఒక్కచోటే... అరకు! తెల్లవారుజామునే రైలెక్కాలి. కిటికీ పక్క సీటు కోసం పోటీపడాలి. బొర్రా గుహల దగ్గర వరసలో నిలబడాలి. రాత్రికి గది దొరక్కపోతే వెనక్కి పరుగెత్తాలి. ఇంటికొచ్చాక ఆ అలసట తీరడానికి మరో రెండ్రోజులు సెలవు పెట్టాలి. చూడాల్సినవన్నీ చూశారు సరే... విశ్రాంతి మాటేమిటి?

ఈ చిక్కు మనకే కాదు, ఇటలీ వెళ్లేవాళ్లకూ ఉంది. అక్కడి పల్లెసీమ అనగానే అందరికీ టస్కనీయే గుర్తొస్తుంది. వేసవిలో అక్కడంతా జనమే. అందుకే తెలిసినవాళ్లు పక్కనే ఉన్న ఉంబ్రియాకో, మార్కేకో వెళ్తారు. కొండలూ ద్రాక్షతోటలూ ఆలివ్ చెట్లూ అక్కడా ఉంటాయి, రద్దీ మాత్రం తక్కువ. హోటల్లో కాకుండా రైతు ఇంట్లోనే దిగి, ఆ పొలంలో పండిందే తింటూ వారం రోజులు గడుపుతారు. ఇలాంటి విడిదికి ఇటలీ 1985లోనే చట్టం చేసింది. అతిథులు ఎంతమంది వచ్చినా సరే, వ్యవసాయమే ఆ ఇంటికి ప్రధాన వృత్తిగా ఉండాలన్నది అందులోని నియమం.

అంత ఏర్పాటు మన పల్లెల్లో లేదు. కానీ అరకు టస్కనీ అయితే, మనకూ ఉంబ్రియాలు ఉన్నాయి. విజయనగరం నుంచి పడమరకు వెళ్తే కొండలు, ఈశాన్యంగా వెళ్తే నాగావళి, వంశధార, తూర్పుకి వెళ్తే సముద్రం. మరి నాలుగు రోజులు నింపాదిగా గడపాలంటే ఎటు వెళ్లాలి?

మామిడి నీడన...

ముందుగా కొండవైపు చూద్దాం. విజయనగరం నుంచి గంట్యాడ మీదుగా శృంగవరపుకోట వైపు వెళ్తుంటే తూర్పుకనుమలు కళ్లముందు గోడకట్టినట్టు కనిపిస్తాయి. బొర్రా దగ్గర గుహల కిందుగా సాగిన గోస్తనీ నది కిందికొచ్చి తాటిపూడి జలాశయంలో చేరుతుంది. 1960ల్లో కట్టిన ఈ జలాశయం విశాఖ నగరం గొంతు తడిపేవాటిలో ఒకటి. చుట్టూ కొండలు, మధ్యలో నిండైన నీళ్లు. పొద్దున్నే గట్టుమీద కాసేపు నడిస్తే చాలు, పట్నం గుర్తుకురాదు.

ఇది మామిడి సీమ కూడా. ఏప్రిల్ వచ్చిందంటే తోటల్లో సువర్ణరేఖ కోతకొస్తుంది. పసుపు మీద ఎర్రటి చార పడిన ఆ పండు అందంలోనూ వాసనలోనూ దేనికీ తీసిపోదు. ఇక్కడి కాయ లారీలెక్కి ఉత్తరాది మార్కెట్లకు వెళ్తుంది. కోత సమయంలో తోట చూడటమే పిల్లలకు ఓ పండగ.

అయితే ఓ మాట. కొండ కనిపిస్తోంది కదా, చల్లగా ఉంటుందనుకుంటే పొరపాటే! అరకు చల్లదనమంతా దాని ఎత్తులో ఉంది. ఎస్.కోట ఉన్నది కొండ కింద. మే నెల మధ్యాహ్నం ఇక్కడ ఎండ నిప్పులు చెరుగుతుంది, పగలంతా కాగిన రాళ్లు రాత్రి కూడా వేడి వదులుతుంటాయి. పుణ్యగిరి ధారలు సన్నబడతాయి. ఇంకా ఉత్తరాన సీతంపేట మన్యంలోని మెట్టుగూడ జలపాతం అందం చూడాలన్నా వానలు పడ్డాకే. 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో ఏనుగుల సంచారం కూడా ఉంది కాబట్టి, స్థానికులను అడగకుండా అడవి దారి పట్టకూడదు.

ఈ దారిలో వేసవిలోనూ తప్పక చూడదగ్గది బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి. పనస దుంగను తొలిచి ఒకే కొయ్యతో వీణను మలిచే కుటుంబాలు ఇక్కడున్నాయి. ఉలి చప్పుడు వింటూ నీడపట్టున ఓ పూట ఇట్టే గడిచిపోతుంది.

ఏటి ఒడ్డున...

ఇక శ్రీకాకుళం వైపు. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి ఈ జిల్లాలో సముద్రంలో కలుస్తాయి. వంశధార కడలిని చేరేది ఒకప్పటి రేవుపట్నం కళింగపట్నం దగ్గర. అక్కడికి కాస్త ఎగువన ఏటి దక్షిణపుగట్టు మీద శాలిహుండం కొండ ఉంది. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి 1919లో ఇక్కడి బౌద్ధ అవశేషాలను వెలుగులోకి తెచ్చారు. ఇటుకల స్తూపాల మధ్య నిలబడితే కింద వంశధార, దూరాన సముద్రం కనిపిస్తాయి. రద్దీ లేదు. సాయంత్రం ఎండ వాలాక వెళ్లాలంతే! అదే నది వెంట పైకి వెళ్తే శ్రీముఖలింగం. గుడి గోడల మీది శిల్పాలు చూడ్డానికే ఓ పూట పడుతుంది.

అయితే వేసవిలో ఏరంటే ఎక్కువభాగం ఇసుకే. మధ్యలో సన్నటి పాయలు పారుతుంటాయి. పొద్దున, సాయంత్రం ఆ ఇసుకలో నడక హాయి. పగలు మాత్రం అడుగు పెట్టలేం. ఇసుక తవ్వినచోట నీళ్లకింద గుంటలు ఉంటాయి. పిల్లల్ని వదిలేసి కబుర్లలో పడటం ప్రమాదం. ఏటిగట్టు ఓ పూట చూసి రావడానికి బాగుంటుంది కానీ, మకాం వేయడానికి కాదు.

కొబ్బరి గాలికి...

ఇక మిగిలింది తీరం. విజయనగరం జిల్లాలో చింతపల్లి, కోనాడ... శ్రీకాకుళంలో కళింగపట్నం, భావనపాడు, బారువ. ఒక్కో ఊరిదీ ఒక్కో సముద్రం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పుతీరంలో మరబోట్లతో చేపల వేట నిషేధం. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. అందుకే సెలవుల్లో వెళ్తే పడవలన్నీ ఒడ్డునే కనిపిస్తాయి. వలలు బాగుచేసుకుంటూ మత్స్యకారులు కాస్త తీరిగ్గా ఉంటారు. పలకరిస్తే సముద్రం గురించి బోలెడు చెబుతారు. తాజా చేపల కోసమే వెళ్లేవాళ్లు మాత్రం ఈ రెండు నెలలూ ఆశలు తగ్గించుకోవాలి.

బారువ చుట్టూ ఉన్నదే ఉద్దానం. సోంపేట, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు. ఉద్యానవనమే ఉద్దానమైందని చెబుతారు. సముద్రం మీది నుంచి మధ్యాహ్నానికి గాలి తిరుగుతుంది. తోట నీడ, దానికి తోడు ఆ గాలి! పనసకాయలు చెట్ల మొదళ్లలోనే వేలాడుతుంటాయి. ఆవపెట్టిన పనసపొట్టు కూర, చోడి అంబలి, తాటి ముంజెలు, మందస కోవా, పలాస జీడిపప్పు... తిండికి మాత్రం ఏ లోటూ ఉండదు.

ఇంత పచ్చదనం వెనక బాధ కూడా ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్ని చీల్చుకుంటూ వెళ్లింది. ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. నాటుకున్న తోటలు ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్నాయి. ఇక దశాబ్దాలుగా ఇక్కడివారిని వేధిస్తున్న కిడ్నీ వ్యాధికి కచ్చితమైన కారణమేదో ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. వంశధార నీటిని ఊళ్లకు అందించే పథకమూ అప్పుడే ప్రారంభమైంది. ఉద్దానాన్ని చూడటమంటే తోటల్ని మాత్రమే కాదు, వాటిని మళ్లీ నిలబెట్టుకుంటున్న మనుషుల్ని కూడా చూడటం. దారిపక్కన అమ్మే బోండాం, జీడిపప్పు బేరమాడకుండా కొంటే అదే వాళ్లకు మనమిచ్చే ఆసరా.

మధ్యాహ్నమే అసలు పరీక్ష

మరి ఏది ఎంచుకోవాలి? ఎన్ని ప్రదేశాలు చూడొచ్చన్నది కాదు లెక్క. పన్నెండు నుంచి నాలుగు దాకా ఎక్కడుంటారన్నదే ముఖ్యం. పొద్దున, సాయంత్రం ఏ ఊరైనా బాగుంటుంది. వేసవి విడిదిని నిలబెట్టేదీ పాడుచేసేదీ ఆ నాలుగు గంటలే. నీడ, గాలి, నీళ్లు... మూడూ ఉన్న చోటే విడిది.

ఆ లెక్కన ఏప్రిల్‌లో అయితే తాటిపూడి, ఎస్.కోట మామిడి తోటలు. మే వచ్చాక ఉద్దానం. తీరంలో చెమట ఎక్కువే, అయినా సాయంత్రం గాలి దాన్ని మరిపిస్తుంది. ఏదో ఒక్కటే ఎంచుకుని, నాలుగు రాత్రులూ అక్కడే ఉంటేనే విశ్రాంతి.

మరో దారీ ఉంది. బతుకుతెరువు కోసం విశాఖకు, హైదరాబాదుకు తరలిపోయిన కుటుంబాలు ఈ జిల్లాల్లో ఎన్నో. వాళ్ల సొంతూళ్లలో తాళం వేసిన పెంకుటిళ్లు ఉన్నాయి. అలాంటి ఇల్లు ఉన్నవాళ్లు గది కోసం వెతకడం ఎందుకు? ఓ వారం ముందు చుట్టాల చేత తలుపులు తీయించి, ఊడిపించి, బావి బాగుచేయిస్తే చాలు. మనుషులు మసలని ఇల్లు త్వరగా కూలుతుంది. పిల్లలకు ఊరు పరిచయమవుతుంది, ఇల్లు నాలుగు కాలాలు నిలుస్తుంది.

బయల్దేరే ముందు...

* తాటిపూడికి విజయనగరం నుంచి రోడ్డు దారి. ఎస్.కోటకు కొత్తవలస మీదుగా రైలు కూడా ఉంది. కళింగపట్నం, శాలిహుండం వెళ్లాలంటే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో (ఆమదాలవలస), బారువకు సోంపేట స్టేషన్లో దిగాలి. పలాస కూడా ఉద్దానానికి దగ్గరే.

* పల్లెల్లో, తీరంలో బస తక్కువ. గది ఖాయమయ్యాకే టికెట్ తీసుకోవాలి. లేదంటే దగ్గరి పట్నంలో దిగి పొద్దున, సాయంత్రం వెళ్లి రావాలి.

* ఈ తీరంలో అలల లాగుడు ఎక్కువ. మోకాలి లోతు దాటి వెళ్లొద్దు. స్థానిక మత్స్యకారులు వద్దన్న చోట అసలే దిగొద్దు.

* సాయంత్రాలు ఉరుములతో గాలివానలు వస్తుంటాయి. మబ్బు కమ్మితే చెట్ల కింద ఉండకుండా ఇంట్లోకి వెళ్లిపోవాలి.

* టెక్కలి దగ్గరి తేలినీలాపురం పక్షుల కోసమైతే వేసవిలో వెళ్లొద్దు. అవి శీతకాలపు అతిథులు. మళ్లీ చలిగాలులతో పాటే వస్తాయి... వాటి కోసం దసరా, సంక్రాంతి సెలవులు ఉండనే ఉన్నాయి!