నాలుగు ఇటుకలు

ఫస్టియర్ అడ్మిషన్ ఫారంలో "తండ్రి వృత్తి" అన్న చోట కాంట్రాక్టర్ అని రాశాను. మా నాన్న తాపీ మేస్త్రీ. ఇంటర్ వరకూ ప్రతి వేసవి సెలవుల్లో ఆయన పరంజా మీద ఉంటే, కింద నుంచి ఇటుకలు విసిరింది నేనే. హాస్టల్లో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మొన్న మ్యాథ్స్ బ్యాక్‌లాగ్ పరీక్షకి ముందు రోజు రాత్రి (చదవాల్సిన రోజే ఇలాంటివన్నీ దొరుకుతాయి కదా!) జెర్రీ రైస్ గురించి ఒక వీడియో చూశాను. మనకి ఫుట్‌బాల్ అంటే మెస్సీయే. ఇది ఆ ఆట కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. అందులో రిసీవర్ అంటే, క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పరిగెడుతూ పట్టుకునేవాడు. రైస్ 20 సీజన్లలో 1,549 సార్లు పట్టాడు. ఇప్పటికీ అదే రికార్డు.

నన్ను ఆపేసింది మాత్రం ఆ అంకె కాదు. రైస్ పుట్టింది 1962లో. పెరిగింది మిసిసిపీలో, క్రాఫర్డ్ అనే చిన్న ఊరు. ఎనిమిది మంది పిల్లల్లో ఒకడు. నాన్న ఇటుక పని చేసే మేస్త్రీ! వేసవిలో ఆ ఎండలో తనూ పనికి వెళ్ళేవాడు. అన్నదమ్ములు నాలుగేసి ఇటుకలు ఒకదాని మీద ఒకటి పెట్టి పైకి విసిరితే, గాల్లో విడిపోయి తలో దిక్కూ పోతుంటే, పైన నిలబడి నాలుగూ పట్టుకునేవాడట.

నేను రెండే విసిరేవాణ్ణి. అవి కూడా ఒక్కోసారి నాన్న మోకాలికి తగిలేవి.

స్కూల్లో క్లాసు ఎగ్గొట్టి తిరుగుతుంటే వైస్ ప్రిన్సిపాల్‌కి దొరికాడు. ఒకటే పరుగు! శిక్ష ఎలాగూ పడింది, కానీ ఆ వేగం చూసిన ఆయన వెళ్ళి కోచ్‌కి చెప్పారు. అలా మొదలైంది ఆట. పెద్ద యూనివర్సిటీలో కాదు, మిసిసిపీ వ్యాలీ స్టేట్‌లో చదివాడు. అయినా 1985 డ్రాఫ్ట్‌లో శాన్ ఫ్రాన్సిస్కో 49ఎర్స్ వాళ్ళు 16వ నంబరులో తీసుకున్నారు.

తీరా అక్కడికెళ్ళాక మొదటి ఏడాది చేతిలో పడ్డ బంతులే జారవిడిచాడు. సొంత ఊరి ప్రేక్షకులే అల్లరి చేశారు. ఇటుకలు పట్టినవాడు తోలు బంతి వదిలేయడం ఏంటి అనిపించింది నాకు. తర్వాత ఆలోచిస్తే, ఇంటర్‌లో మ్యాథ్స్‌లో 150కి 148 తెచ్చుకున్న నేను ఇక్కడ M1 తప్పలేదా? రైస్ మాత్రం ఆ డిసెంబర్‌లోనే ఒక్క మ్యాచ్‌లో 241 గజాలు లాగాడు. నా M1 ఇంకా అలాగే ఉంది.

ఇంకో మాట కూడా చెప్పాడు రైస్: తనని పరిగెత్తించింది ఓడిపోతానన్న భయమేనట. అంత పెద్దవాడు అలా ఒప్పుకోవడం నాకు నచ్చింది.

పోయిన వారం ప్లేస్‌మెంట్ రిజిస్ట్రేషన్ ఫారం వచ్చింది. మళ్ళీ అదే గడి. "తాపీ మేస్త్రీ" అని రాసి, ఇంటికి ఫోన్ చేశాను. ఫారం సంగతి చెప్పడానికి నోరు రాక, రైస్ కథ చెప్పాను.

నాన్న అంతా విని, "నాలుగా? పొడి ఇటుకలా, తడిపినవా?" అన్నారు.