కసూర్ ఎవరిది?

మన ఇళ్లలో బిడ్డ నుదుటి మీద తెల్ల జుట్టు పాయతో పుడితే మొదట నిలదీసేది బహూనే. గహన్ రోజు బయటికెళ్లావా? కత్తెర పట్టావా? ఎవరి నజర్ తగిలింది? పురిటి మంచం మీదున్న ఆ పిల్ల ఏం జవాబు చెబుతుంది?

జవాబు కణాల సఫర్‌లో ఉంది. పిండంలో కణాలు పుట్టినచోటే ఉండిపోవు, నడుస్తాయి. ఎటు నడవాలనే పైగామ్‌ను గ్రోత్ ఫ్యాక్టర్లనే ప్రొటీన్లు మోసుకొస్తాయి. కోడిగుడ్డు పొదిగిన మొదటి రోజే ఇది మొదలవుతుంది. ఎఫ్‌జీఎఫ్8 కణాలను దూరం తోస్తుంది, ఎఫ్‌జీఎఫ్4 తన వైపు పిలుస్తుంది. బ్రిటన్ పరిశోధకులు 2002లో ఈ సంగతి చూపించారు.

చర్మానికి, జుట్టుకు రంగునిచ్చే కణాలూ అంతే. పిండం వెన్ను దగ్గర పుట్టి నుదుటికీ, పొట్టకీ ప్రయాణిస్తాయి. స్టెమ్ సెల్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ పిలిస్తే, కణం మీదుండే కిట్ అనే రిసెప్టర్ వింటుంది. కిట్ జన్యువులో లోపముంటే ఆ పిలుపు సరిగ్గా అందదు. కణాలు చేరనిచోట తెలుపే మిగులుతుంది. దీన్ని పైబాల్డిజం అంటారు. అమ్మీకో అబ్బాకో ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. గహన్‌కూ కత్తెరకూ ఇందులో పనిలేదు.

సంగారెడ్డి, పటాన్‌చెరు వాళ్లం మరో సవాల్ కూడా వేయాలి. ఇక్కడ సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. అప్పట్లో ఆ నీళ్లు ఇసుకవాగు, నక్కవాగు మీదుగా మంజీరలో కలిసేవి. 2009లో మరో పరిశోధన వచ్చింది. ఆ నీళ్లు 500 వంతుల్లో ఒక్క వంతు కలిపినా కప్ప పిల్లల ఎదుగుదల 40 శాతం తగ్గింది. మోతాదు పెంచితే జీబ్రాచేప పిండాల్లో రంగు, కదలిక, గుండె వేగం తగ్గాయి. రంగు తగ్గింది కాబట్టి కణాలు దారి తప్పాయని అనలేం. చేపపిల్లా మన పిల్లా ఒకటి కాదు కూడా. అయినా వాగులోకి ఏం వదులుతున్నారని ఫ్యాక్టరీ వాళ్లను అడగడానికి జంకే మనం, బహూని అడగడానికి మాత్రం జంకం.

ఇంకో జరూరీ మాట. అదే రంగు కణాలు లోపలి చెవికీ కావాలి. తెల్ల పాయతో పుట్టే పిల్లల్లో కొందరికి వినికిడి లోపం ఉంటుంది. తావీజు కట్టే ముందు బిడ్డకు వినికిడి పరీక్ష చేయించండి. మాటలు నేర్చే వయసు దాటిపోక ముందే.