హాస్టల్ టీవీ, మెమరీ కార్డు, మా పిన్నమ్మ గొంతు

పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటది. మెస్ బెల్లు కొట్టేలోపు అవ్వకపోతే సేవ్ చేసుకొని రాత్రి చదవండి. ఇక్కడ అందరూ నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్ తేదీలు, జీవో 3 సంగతులు రాస్తారు. మేము రాసేది పాటల గురించి, టీవీ గురించి. "పనికొచ్చేది రాయండ్రా" అని అనాలనిపిస్తే చివరిదాకా చదివాక అనండి.

మేమంటే సబ్బవరంలో ఒక హాస్టల్‌లో ఒకే రూంలో ఉండే నలుగురం. ఒకడిది జి.మాడుగుల, ఒకడిది ముంచింగిపుట్టు, ఒకడిది హుకుంపేట, ఇంకొకడిది పాడేరు పక్కనే. హాస్టల్‌లో పేర్లతో ఎవరూ పిలవరు, మండలంతోనే పిలుస్తారు. "ఒరే ముంచింగిపుట్టు, నీకు పార్శిల్ వచ్చింది" అంటే అదే పేరు. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గుమ్మం తొక్కింది మేమే మొదలు. రాత్రంతా ఆనందపురం అనకాపల్లి హైవే మీద లారీల మోత. ఆ మోత వినపడకుండా చెవుల్లో పాటలు పెట్టుకొని పడుకోవడం ఇక్కడికొచ్చాకే అలవాటైంది.

హాస్టల్ మొత్తానికి టీవీ ఒకటే. రిమోట్ వార్డెన్ సార్ టేబుల్ సొరుగులో ఉంటది. ఆదివారం ఒక్కో రూంకి వంతు. వంతు ఉన్న రూం వాళ్లు ఆ రోజుకి రాజులు. క్రికెట్ ఉన్న రోజు మాత్రం రాజ్యాంగం రద్దు. మా వంతు వస్తే పాటల పోటీలే పెడతాం. డ్యాన్స్ షో కావాలని పక్క రూం వాళ్లు గోల. వంట చేసే అప్ప వచ్చి "ఏటర్రా, ఆ టీవీ కట్టీసి తిండికి రండి, సాంబారు సల్లారిపోతంది" అంటది గానీ, గరిట పట్టుకొని గుమ్మంలో నిలబడి పాట అయ్యేదాకా ఆవిడే కదలదు.

ఇది పిచ్చి అని ఇంట్లో అంటారు. అవును, పిచ్చే. కానీ ఈ పిచ్చి మాకు తెలుగు నేర్పింది. జి.మాడుగుల వాడి ఇంట్లో తెలుగే. హుకుంపేట వాడి ఇంట్లో కువి. ముంచింగిపుట్టు వాడి ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. బడిలో అ ఆ లు వచ్చాయి గానీ, మాట రాలేదు. మాట సీరియళ్లలోంచి వచ్చింది, పాటల్లోంచి వచ్చింది. మా చిన్నప్పుడు ఊళ్లో టవర్ లేదు. వారపు సంతకి వెళ్లినప్పుడు సెల్ షాపులో మెమరీ కార్డు ఇస్తే, ముప్పై రూపాయలకి కార్డు నిండా పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. ఏ పాటలు ఎక్కించాలో వాడిష్టం. మళ్లీ సంతకి వెళ్లేదాకా అవే. అర్థం తెలీకుండా నోటికొచ్చేసేవి, అర్థం తర్వాత ఎప్పుడో తరగతిలో తెలిసేది. ముంచింగిపుట్టు వాడు ఇప్పటికీ కొత్త మాట వింటే ఏ సినిమా పాటలోదో చెప్పి, అప్పుడు అర్థం అడుగుతాడు.

ఇంట్లో చిన్న గొడుగు బిగించిన ఫ్రీడిష్. నెలనెలా డబ్బులు కట్టక్కర్లేదు కాబట్టి మా కొండల మీద అదే ఎక్కువ. ఈటీవీ కావాలంటే డబ్బులు కట్టే డిష్ ఉన్న ఇంటికి వెళ్లాలి. పాడుతా తీయగా 1996లో మొదలైంది, అంటే మేము పుట్టక ముందే. మేము చూసినవన్నీ తర్వాతి సీజన్లు. బాలు గారు పోటీకి వచ్చిన పిల్లల్ని ఎక్కడ ఆపేవారో గుర్తుందా? రాగం దగ్గర కంటే మాట దగ్గరే ఎక్కువ. "శ" ని "స" అన్నా, "ళ" ని "ల" అన్నా నవ్వుతూనే పట్టుకునేవారు. మేము టీవీ ముందు కూర్చొని ఆ అక్షరం పది సార్లు అనుకునేవాళ్లం. 2020 సెప్టెంబర్ 25న ఆయన పోయారని తెలిసినప్పుడు ఆశ్రమ పాఠశాలలు మూసేసి ఉన్నాయి, అందరం ఊళ్లలో ఉన్నాం. ఆ రోజు చోడి చేలో కలుపు తీస్తున్నవాళ్లకి ఆ వార్త చెప్పింది మేమే. వాళ్లు "ఏ బాలు?" అన్నారు. ఫోన్‌లో ఒక పాట పెట్టాం. "ఓ, ఈ గొంతా" అన్నారు.

విశాఖ నుంచి వచ్చిన గాయకులంటే మాకు సొంతోళ్లలా ఉంటది. సిక్కోలులో పుట్టి విశాఖలో పెరిగిన రేవంత్ 2017లో హిందీ ఇండియన్ ఐడల్ గెలిచాడు, 2022లో బిగ్‌బాస్ కూడా గెలిచాడు. 2021లో షణ్ముఖప్రియ ఫైనల్‌కి వెళ్లింది. 2023లో తెలుగు ఇండియన్ ఐడల్ విశాఖ అమ్మాయి సౌజన్య గెలిచింది. ఓట్లేసే రోజుల్లో ఒకరి డేటా అయిపోతే ఇంకొకరు హాట్‌స్పాట్ ఇచ్చి మరీ వేయించే బ్యాచ్ మాది. మంగ్లీ సంగతి వేరే. అనంతపురం జిల్లా తండా నుంచి వచ్చిన బంజారా అమ్మాయి ఆ స్థాయికి వెళ్లడం చూస్తే, పాట ఎలా ఉన్నా సరే, లైక్ కొట్టకుండా వదలం. ఇక్కడ మాకు పక్షపాతం ఉంది, ఉంటది కూడా.

ఆర్ఆర్ఆర్ సంగతి చెప్పకపోతే పోస్టు పూర్తవ్వదు. 2023 మార్చి 13 పొద్దున్న నాటు నాటుకి ఆస్కార్ వచ్చినప్పుడు ఇంటర్ పరీక్షలు నెత్తి మీద ఉన్నాయి. అయినా పుస్తకాలు పక్కన పడేసి వరండాలో ఆ స్టెప్పు వేశాం. కొమురం భీముడో పాటకి జాతీయ అవార్డు వస్తే ఇంకా ఎక్కువ సంతోషించాం, ఎందుకంటే మా ఓటు మొదటి నుంచీ దానికే. సినిమా కల్పిత కథ అని తీసినవాళ్లే చెప్పారు. అల్లూరి 1924 మే 7న చనిపోయారు, కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో చనిపోయారు. ఇద్దరూ స్నేహితులు అన్నది సినిమా ముచ్చటే, దానితో గొడవ లేదు. మాకు ఉన్న వెలితి ఇంకొకటి. అల్లూరి వెనక నిలబడిన గాం గంటం దొర, గాం మల్లు దొర మా వైపు మనుషులు. మల్లు దొరని అండమాన్ జైలుకి పంపారు. స్వతంత్రం వచ్చాక 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు. కొండ, తుపాకి, అండమాన్, పార్లమెంటు. ఇంతకంటే కథ ఏం కావాలి? 1974లో కృష్ణ గారి అల్లూరి సీతారామరాజు సినిమా చింతపల్లి అడవుల్లో తీశారని మా తాతలు ఇప్పటికీ చెప్తారు. ఆ అన్నదమ్ములే హీరోలుగా ఒక సినిమా వస్తే మొదటి రోజు మొదటి ఆట మాదే.

ఇంకో రకం సినిమాలూ ఉన్నాయి. హీరో అడవిలో తప్పిపోతాడు, ఆకులు కట్టుకొని మొహానికి సున్నం పూసుకున్న గుంపు చుట్టుముట్టి ఏదో భాషకాని భాషలో అరుస్తుంది. హాల్లో అందరూ నవ్వుతారు. మేము కూడా ఆ హాల్లోనే ఉంటాం, టికెట్ కొనుక్కునే. ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ తింటూ ఒకరి మొహం ఒకరు చూసుకోం.

మనవాళ్లు కనపడేది ఎప్పుడూ అంటే, అవార్డు వచ్చినప్పుడు ఒక రోజు, పోయినప్పుడు ఒక రోజు. 2022లో పద్మశ్రీ వచ్చిన వాళ్లలో కిన్నెర మొగులయ్య గారు భీమ్లా నాయక్ పాటతో ఇంటింటికీ తెలిశారు. అదే ఏడాది పద్మశ్రీ అందుకున్న కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య గారి పాట ఎంతమంది విన్నారు? సమ్మక్క సారలమ్మ కథ కోయలోనూ తెలుగులోనూ పాడిన మనిషి, 2024లో వెళ్లిపోయారు. గుస్సాడీ కనకరాజు గారు కూడా ఆ ఏడాదే. చూడనివాళ్లు ఈ రాత్రి ఇద్దరి వీడియోలు వెతికి చూడండి.

ఇక అసలు విషయానికి వస్తున్నాం.

మొన్న చైత్రంలో ఇటుకల పండక్కి హుకుంపేట వాడి ఊరు నలుగురం వెళ్లాం. ఇక్కడి నుంచి చోడవరం, మాడుగుల, ఘాట్ ఎక్కి పాడేరు, అక్కడి నుంచి ఆటో. దారిలో ఆడవాళ్లు కర్ర అడ్డం పెట్టి ఆటో ఆపి డబ్బులు అడిగారు, ఇచ్చాం, వాళ్లు ఆడారు. సాయంత్రం ఊళ్లో తుడుము, డప్పు, కిరిడి, మోరి అన్నీ వచ్చాయి, ధింసా మొదలైంది. ఎనిమిది మంది ఆడవాళ్లు నడుముల మీద చేతులు వేసుకొని పాట ఎత్తుకున్నారు. ముందు ఎత్తేది హుకుంపేట వాడి పిన్నమ్మ. ఆవిడ గొంతు సన్నగా ఉండదు, కొంచెం బొంగురు, కానీ అవతలి కొండకి వినపడుతుంది. అదే రోజు మైదానం నుంచి ఒక వీడియో టీం కూడా వచ్చింది. పెద్ద కెమెరా, పెద్ద మైకు. ఆడినవాళ్లకి తలో చీర ఇచ్చి, భోజనం పెట్టించి వెళ్లారు. మేము మా ఫోన్‌లో తీసుకున్నాం.

నెల తర్వాత ఆ టీం వాళ్ల పాట వచ్చింది. కింద డీజే బీట్ వేశారు, పైన పిన్నమ్మ గొంతే. లక్షల్లో చూశారు. సబ్బవరం జంక్షన్‌లో ఆటోలో ఆ పాట మోగుతుంటే హుకుంపేట వాడు రోడ్డు మీద ఆగిపోయాడు. సంగీతం ఫలానా, రచన ఫలానా, ఎడిటింగ్ ఫలానా, డ్రోన్ ఫలానా. పాడినవాళ్ల పేర్లు లేవు. రచన ఎవరిదట! ఆ పాట పిన్నమ్మ వాళ్ల అమ్మ కూడా పాడేది.

సరే, మన వీడియో మనం పెట్టుకుందాం అని ఫోన్‌లో ఉన్నది మా చిన్న ఛానల్‌లో పెట్టాం. చందాదారులు 212 మంది, అందులో సగం ఈ గ్రూపు వాళ్లే. రెండో రోజుకి మెయిల్. మీ వీడియోలో వేరేవాళ్ల కాపీరైట్ ఉన్న ఆడియో ఉంది అని. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అని ఒక యంత్రం ఉంటది. పెద్ద కంపెనీలు తమ ఆడియో అందులో పెడితే, దానికి పోలిన శబ్దం ఎక్కడ దొరికినా పట్టుకుంటుంది. ఒకే పూట, ఒకే గొంతు, రెండు మైకులు. యంత్రం దృష్టిలో వాళ్లది అసలు, మనది నకలు.

సబ్బవరంలోనే దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది కదా. టీ కొట్టు దగ్గర పరిచయమైన ఒక లా చదివే అన్నకి ఫోన్ చూపించాం. ఆయన చెప్పింది మీ అందరికీ పనికొస్తుందని రాస్తున్నాం. తరతరాల పాటకి ఒక ఓనర్ ఉండడు, ఎవరైనా పాడొచ్చు, ఎవరైనా రికార్డు చేయొచ్చు. ఎవరు రికార్డు చేస్తే ఆ రికార్డింగ్ మీద హక్కు వాళ్లది, అంటే మా ఫోన్‌లోది మాది, వాళ్ల మైకులోది వాళ్లది. కానీ 1957 కాపీరైట్ చట్టంలో పాడినవాళ్లకి కూడా వేరేగా హక్కు ఉంది, 38వ సెక్షన్. అది 50 ఏళ్లు ఉంటది, వాళ్ల ఒప్పుకోలు లేకుండా రికార్డు చేసి వాడకూడదు. 2012 సవరణలో 38బి వచ్చింది. పాడింది నేనే అని పేరు వేయమని అడిగే హక్కు అది. మేము ఆ నంబర్లు చేతి మీద రాసుకున్నాం.

యూట్యూబ్‌లో అభ్యంతరం పెట్టాం. అవతలివాళ్లు జవాబు ఇవ్వడానికి 30 రోజులు. ఈలోపు ఆ టీం ఆయన నంబర్ సంపాదించి ఫోన్ చేశాం. "తమ్ముడూ, మీ కల్చర్‌కే కదా ప్రచారం, చీరలు కూడా ఇచ్చాం" అన్నాడు. "అన్నా, డబ్బులు అడగట్లేదు, ఎనిమిది పేర్లు వేయండి" అన్నాం. చూస్తానన్నాడు. పంతొమ్మిదో రోజు మా వీడియో మీద క్లెయిమ్ తీసేశారు. ఆ మర్నాడు వాళ్ల వీడియో కింద కొత్త లైను కనపడింది: గానం, గిరిజన మహిళలు.

గిరిజన మహిళలు అనేది పేరు కాదు కదా. డ్రోన్ తిప్పినాయనకి ఇంటిపేరుతో సహా ఉంది.

మళ్లీ ఫోన్ చేశాం, ఎత్తలేదు. అప్పుడు మేము చేసింది ఏంటంటే, మా వీడియో కింద ఎనిమిది మంది పేర్లు, ఊరు, పండగ, తేదీ అన్నీ రాశాం. పేర్లు ఫోన్‌లో అడుగుతుంటే అదో పెద్ద సంత అయ్యింది. ఒకావిడ అత్తారింటి పేరు వద్దు, పుట్టింటి పేరు వేయమంది. ఇంకొకావిడ ఆధార్ కార్డులో పేరు తప్పు పడింది, ఇక్కడైనా సరిగ్గా రాయండి అంది. మోరి ఊదిన తాత పేరు మర్చిపోతే ఆయన మనవడు ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఈ గ్రూపులో ఎవరి దగ్గరైనా జాతర వీడియోలు, పండగ పాటలు ఉంటే ఫోన్‌లో ఉన్నప్పుడే పాడినవాళ్ల పేర్లు పక్కన రాసి పెట్టండి. ముసలివాళ్లవి ముందు రాయండి. ఎవరికైనా ఇలాంటి క్లెయిమ్ మెయిల్ వస్తే భయపడి వీడియో తీసేయకండి, మాకు మెసేజ్ పెట్టండి, అభ్యంతరం ఎలా నింపాలో చెప్తాం.

అంతా అయ్యాక హుకుంపేట వాడు పిన్నమ్మకి ఫోన్ చేసి, నీ పేరు వేశాం, ప్రపంచంలో ఎక్కడున్నా చూడొచ్చు అని గొప్పగా చెప్పాడు. స్పీకర్ పెట్టాడు, నలుగురం మంచం మీద కూర్చొని విన్నాం.

"ఫ్రీడిష్‌లో వస్తదా?" అంది.

లేదు పిన్నీ, ఫోన్‌లోనే అన్నాడు.

"మరేటి నాబం" అని, చేలో పని ఉందని పెట్టేసింది.