బొటనవేలు చెప్పిన నిజం

పిల్లలూ, నేను ముప్ఫై ఏళ్లకు పైగా బడిపిల్లలకు పాఠాలు చెప్పాను. హెడ్మాస్టరుగా రిటైరై ఇప్పుడు హైదరాబాదు పాతబస్తీ పక్కన, జల్‌పల్లిలో ఉంటున్నాను. మా ఊరి పేరులోనే జలం ఉంది. ఊళ్లో పెద్ద చెరువూ ఉంది. అయినా నీటి అడుగున ఊపిరి పీల్చడం ఎలా ఉంటుందో అరవై ఆరో ఏట గాని నాకు తెలియలేదు. ఆ సంగతీ, అక్కడ నేను చేసిన తెలివితక్కువ పనీ మీకు చెబుతాను.

మా మనవడు ఏడో తరగతి చదువుతున్నాడు. మునిగిపోయిన ఓడల బొమ్మలు ఎక్కడ కనిపించినా కత్తిరించి పుస్తకంలో అంటిస్తాడు. మొన్న సంక్రాంతి సెలవుల్లో వాణ్ణి విశాఖపట్నం తీసుకుపోయాను. అక్కడ రుషికొండ తీరంలో స్కూబా నేర్పుతారు. అంటే, గాలి నింపిన సిలిండరు వీపుకు కట్టుకుని, దాని గొట్టం నోట కరుచుకుని నీటిలో మునగడం. పీల్చినప్పుడల్లా కావలసినంత గాలి మాత్రమే ఇచ్చే సాధనాన్ని 1943లో ఫ్రాన్సులో జాక్ కూస్తో అనే నావికాధికారీ, ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరూ కలిసి తయారుచేశారు.

"తాతయ్యా, ఇవాళే మునిగిన ఓడ లోపలికి వెళదామా?" అన్నాడు మనవడు.

నేర్పే యువకుడు ఈ మాట విని నవ్వాడు. "ఒకటో తరగతివాడు పదో తరగతి పరీక్షకు కూర్చుంటాడా, బాబూ? ముందు రెండు నిలువుల లోతు చూడు," అన్నాడు.

తరవాత అతను మాకు పాఠం చెప్పాడు. నేనూ బల్ల మీద కూర్చుని విన్నాను. పది మీటర్ల లోతుకు పోతే మన మీద ఒత్తిడి రెండింతలు అవుతుంది. ఒడ్డున ఊదిన బుడగను అక్కడికి తీసుకుపోతే సగానికి కుంగిపోతుంది. అక్కడ సిలిండరు గాలితో నిండిన ఊపిరితిత్తులు, ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఉబ్బి చిరిగిపోవచ్చు. కనక నీటిలో ఎన్నడూ ఊపిరి బిగబట్టరాదు. నీటిలో మాటలు సాగవు కనక సైగలు నేర్చుకోవాలి. చూపుడు వేలూ బొటనవేలూ సున్నాలా కలిపితే "బాగున్నాను" అని అర్థం. బొటనవేలు పైకెత్తితే "పైకి పోదాం" అని అర్థం.

చివరకు అతను, "ఎవరికైనా జలుబుందా?" అని అడిగాడు.

నాకు ముందు రాత్రి నుంచీ జలుబు. కాని మనవడు నా వంకే చూస్తున్నాడు. "లేదు," అన్నాను. ఎన్నో ఏళ్లు పిల్లలకు అబద్ధమాడరాదని చెప్పిన నోటితోనే ఆ మాట అన్నాను!

ముందుగా నన్ను నీటిలో దింపారు. నిలువు లోతు దాటేసరికి చెవుల్లో సూదులు గుచ్చినట్టయింది. చెవినీ గొంతునూ కలుపుతూ సన్నని గొట్టం ఒకటి ఉంటుంది. ముక్కు మూసి మెల్లగా ఊదితే గాలి దానిగుండా చెవిలోకి పోయి, ఒత్తిడి సరిపోతుంది. జలుబు చేస్తే ఆ గొట్టం వాచి మూసుకుపోతుంది. ఊదాను, లాభం లేదు. "బాగున్నారా?" అని అతను సైగ చేశాడు. ఇంకా నా పెద్దరికం పోలేదు. బాగున్నానని చెప్పబోయి, కంగారులో సైగ మరచిపోయి, బడిలో పిల్లల్ని మెచ్చుకున్నట్టు బొటనవేలు పైకెత్తాను.

అతను మరుక్షణం నన్ను పట్టుకుని మెల్లగా పైకి తెచ్చాడు. నా నోరు దాచిన నిజాన్ని నా బొటనవేలు చెప్పేసింది!

"జలుబుంది గదూ, మాస్టారూ? ఇంకొంచెం దిగితే కర్ణభేరి చిరిగేది," అన్నాడతను. నాకు తల కొట్టేసినట్టయింది. కాని అతను కోప్పడలేదు. "మాలో ఎవరు ఎప్పుడు బొటనవేలు ఎత్తినా అందరం పైకి వచ్చేస్తాం. ఎందుకని ఎవరూ ఎగతాళి చెయ్యం," అన్నాడు.

మనవడు దిగి, రాళ్ల సందుల్లో చేపల్ని చూసి సంతోషంగా తిరిగివచ్చాడు. "మరి ఓడ?" అన్నాడు మళ్లీ. అప్పుడతను తరగతులన్నీ వివరించాడు. మొదటి శిక్షణ పూర్తిచేసినవారు 18 మీటర్ల దాకా, ఆ పై శిక్షణ పొందినవారు 30 మీటర్ల దాకా పోవచ్చు. సరదాకు మునిగేవారెవరికైనా 40 మీటర్లే హద్దు. పగడపు దిబ్బల దగ్గర మొదటి తరగతివారు కూడా ఈదవచ్చు. అయితే పగడాలు రాళ్లు కావు, ప్రాణులు. వాటిని తాకరాదు. ఓడ లోపలికి పోవడానికి వేరే శిక్షణ కావాలి. అక్కడ తుప్పు పట్టిన ఇనుమూ, చిక్కుకున్న వలలూ ఉంటాయి. కాలు కదిపితే బురద లేచి దారి కనపడదు.

అన్నిటికన్నా కష్టం నీటి గుహలు. మన బెలుం గుహల్లో పాతాళగంగ అనే చోట నీరు రాతిలోకి పోయి మాయమవుతుంది. అటువంటి దారుల్లో ఈదే వారికి ఆపదలో పైకి పోదామన్నా పైన రాతి కప్పే తప్ప ఆకాశం ఉండదు! అందుకని వారు దారం పరుచుకుంటూ పోతారు. గాలిని మూడు భాగాలు చేస్తారు. 180 పాళ్లుంటే 60 పోవడానికి, 60 రావడానికి, 60 ఆపదకు. మొదటి 60 అయిపోగానే, ఎదుట ఎంత వింత ఉన్నా వెనక్కి తిరగవలసిందే.

తిరుగు ప్రయాణంలో రైలు రాజమండ్రి దగ్గర గోదావరి దాటుతుంటే మనవడికి ఇంకో సంగతి చెప్పాను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ అనే పడవ మునిగి ఎందరో చనిపోయారు. ఆ పడవను తీయడానికి కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం పూనుకున్నది. వరద ఉధృతికి వారు ఒకసారి పని ఆపవలసివచ్చింది. నీరు తగ్గాక మళ్లీ వచ్చి, అక్టోబరు 22న దాన్ని ఒడ్డుకు చేర్చారు. ఆగినందుకు వారిని పిరికివారని ఎవరంటారు?

ఆ మాట అంటూండగా నాకు పాత శిష్యుడొకడు జ్ఞాపకం వచ్చాడు. లెక్కల్లో చురుకైనవాడు. తండ్రి బతిమాలితే, వాణ్ణి అయిదు నుంచి ఏకంగా ఏడో తరగతిలో కూర్చోబెట్టాను. ఆరులో చెప్పే పాఠాలు వాడికి తెలియవు. తెలియదని చెప్పడానికి సిగ్గు. ఏడాది పొడుగునా చెయ్యెత్తి ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ ఏడు వాడు తప్పాడు. తప్పు వాడిది కాదు, నాది. వాణ్ణి లోతులో దింపాను గాని, పైకి రావాలన్నప్పుడు చెయ్యవలసిన సైగ నేర్పలేదు.

ఇంటికి వచ్చిన మర్నాడు మనవడు లెక్కలు చేస్తూ చేస్తూ ఆగిపోయాడు. నా వంక చూసి, ఏమీ అనకుండా బొటనవేలు పైకెత్తాడు.

నేను పుస్తకం రెండు పేజీలు వెనక్కి తిప్పాను.