తూటు ఒకకాడ, కారేది ఒకకాడ

మాది నల్గొండ జిల్లాలో ఒక మాదిగవాడ. మా నాయిన మోట తొండాలు కుట్టేవాడు. ఇప్పటి పిల్లలకు మోట తెలవదు గనక చెప్పాలె. కరెంటు మోటార్లు రాకముందు బాయిలోంచి నీళ్లు తోడింది మోటతోనే. ఇనుప బొక్కెన కింద తోలు తొండం. ఎడ్లు తాడు గుంజుకుంటూ దిగితే బొక్కెన పైకొచ్చి తొండంలోంచి నీళ్లు కాలువలో పడేవి. ఆ తోలు మా లందలో తంగెడు చెక్కతో ఊరిందే. ఆ నీళ్లతో పండిన వరి మాత్రం మాది కాదు. కళ్లం కాడ పటేలు కొలిచి పోసినన్ని గింజలే మాకు.

తొండం కారితే పటేలు మనిషి వాడ బయటే నిలబడి కేకేసేవాడు. నాయిన ఆరె, రంపె సంచిలో వేసుకుని పోయేవాడు. వెనక నేను. తొండం మూతి కట్టి, నిండా నీళ్లు పోసి వేలాడదీసి, బీడీ అంటించుకుని చూస్తూ కూచునేవాడు. తడి కనబడ్డ దగ్గర నేను వేలు పెడితే నవ్వేవాడు.

"ఆడ కాదు కొడుకా. ఆడ కారుతున్నది. తూటు ఇంకోకాడుంటది. నీళ్లు కుట్టు ఎంబడి నడిసొస్తయ్."

నిజంగానే జానెడు పైన ఎక్కడో దారం తెగి ఉండేది. యూనిక్స్ యంత్రాల ముందు నేను ముప్పై ఏండ్లు బతికింది ఆ మాట మీదనే అంటే కంప్యూటరోళ్లు నవ్వుతారు. నవ్వనీ.

1993లో, హాస్టల్ అన్నం తిని చదివిన చదువుతో, బ్యాక్‌లాగ్ పోస్టులో హైదరాబాదులో ఒక ప్రభుత్వ ఆఫీసు కంప్యూటర్ సెంటర్లో చేరాను. ఏ ఆఫీసో చెప్పను. ఒక 486 యంత్రం, దానిమీద ఎస్‌సీవో యూనిక్స్, దానికి తగిలించిన ఎనిమిది టెర్మినళ్లు. ఎవరి లాగిన్ పేరు వాళ్లకుంది. నాకు మాత్రం 'గెస్ట్' అని ఇచ్చారు. గెస్టంటే చుట్టం. పర్మనెంటు ఉద్యోగిని, మూడేండ్లు చుట్టంగానే ఉన్నాను. అడిగితే సిస్టం ఇంచార్జి "నీకేం పని సిస్టంతో? టేపులు మార్చు, ప్రింటరుకు కాయితం పెట్టు, చాలు" అన్నాడు. 'రూట్' పాస్‌వర్డ్ ఆయన దగ్గరే. యూనిక్స్‌లో రూట్ అంటే దొర. ఎవరి ఫైలైనా తెరుస్తాడు, ఎవరి పనైనా ఆపుతాడు. మాన్యువళ్లు కూడా ఆయన బీరువాలోనే, తాళం వేసి.

కాని కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ 1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలుపెట్టిన ఈ యూనిక్స్‌లో ఒక మంచి ఉంది. 'మ్యాన్' అని కొట్టి, పక్కన ఏ కమాండు పేరు కొడితే దాని సంగతంతా తెరమీదికొస్తుంది. చుట్టానికైనా దొరకైనా అవే అక్షరాలు. బీరువా తాళం సంగతి దానికి తెలియదు. రాత్రి డ్యూటీల్లో అదే చదివాను.

మొదట నాకు పనిపడింది ఒక టైపిస్టమ్మ దగ్గర. ఆమె టెర్మినల్ బిగుసుకుపోయింది, ఏం నొక్కినా అక్షరం పడటం లేదు. నేను కంట్రోల్, క్యూ కలిపి నొక్కాను. అప్పటిదాకా కొట్టినవన్నీ బిలబిలమని వచ్చాయి. చెయ్యి జారి కంట్రోల్ ఎస్ నొక్కితే తెర ఆగుతుంది, క్యూతో కదులుతుంది. అంతే. "థాంక్సండీ" అని, నేను ముట్టిన ఆ రెండు మీటలనూ ఆమె చేతిగుడ్డతో తుడిచింది. నెల తిరక్కుండా ప్రతిదానికీ నన్నే పిలిచేది. తుడవడం ఎప్పుడు మానిందో నేను గమనించలేదు.

'పర్మిషన్ డినైడ్' అని వస్తే యంత్రం చెడిందనుకునేవాళ్లు. 'ఎల్‌ఎస్ మైనస్ ఎల్' కొట్టి చూడాలె. ఫైలు పక్కన తొమ్మిది గుర్తులుంటాయి. మొదటి మూడు సొంతదారువి, నడిమి మూడు అతని గుంపువి, చివరి మూడు మిగతా వాళ్లందరివి. చదవడానికి, రాయడానికి, నడపడానికి. మా ఆఫీసు ఫైళ్లలో చివరి మూడుకాడా గీతలే. నాకది కొత్తగా అనిపించలేదు.

1996 మార్చి నెలాఖరు. జీతాల బిల్లులు అచ్చు కావాలె. పొద్దున ఏ టెర్మినల్లో ఏం కొట్టినా డిస్కులో జాగా లేదని వస్తున్నది. ముందురోజు రాత్రి డ్యూటీ నాది. పదకొండుకల్లా నా చేతిలో మెమో. నా అజాగ్రత్త వల్ల డిస్కు నిండిందట, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. "రిజర్వేషనోళ్ల చేతికి మిషన్లిస్తే గిట్లనే ఉంటది" అన్నారు వెనక ఎవరో. తిరిగి చూడలేదు. గొంతు తెలుసు.

ఇంచార్జి వెతికి ఒక పెద్ద లాగ్ ఫైలు పట్టుకుని తీసేశాడు. 'డీఎఫ్' కొట్టాడు. డిస్కులో ఎంత ఖాళీ ఉందో చెప్పేది అది. ఏమీ పెరగలేదు. 'డీయూ' కొట్టాడు. అది ఏ డైరెక్టరీ ఎంత తింటున్నదో కూడి చెబుతుంది. దాని లెక్కలో డిస్కు మూడోవంతు ఖాళీ. డీఎఫ్ లెక్కలో నిండా ఉంది. డిస్కే చెడింది, ఫార్మాట్ చేసి టేపు మీంచి మళ్లీ ఎక్కిద్దామన్నాడు. పూర్తి టేపు వారానికొకసారే తీసేవాళ్లం. ఆడపిల్లలు వారమంతా కూచుని కొట్టిన ఎంట్రీలు పోతాయి. పోనీ యంత్రాన్ని ఆపి లేపుదామంటే అదీ భయమే. నెల కిందట కరెంటు పోయి లేచినప్పుడు ఫైళ్లు సరిచేసుకోడానికే దానికి ఒక పూట పట్టింది.

నేను ఒక మూల టెర్మినల్లో 'పీఎస్' కొట్టాను. నడుస్తున్న పనులన్నీ చూపిస్తుంది, చూడటానికి రూట్ అక్కర్లేదు. అందులో ఒక ప్రోగ్రాం మూడు రోజులుగా నడుస్తున్నది. జిల్లాల నుంచి లెక్కలు తెచ్చుకునేది. ఇంచార్జి రూట్ పేరుమీద మొదలుపెట్టి మరిచిపోయాడు. మోడెం లైను తెగినా ఆగక, కుదరలేదు కుదరలేదు అని ఆ లాగ్ ఫైల్లోనే రాసుకుంటూ పోతున్నది.

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న మారిస్ బాక్ పుస్తకంలో ఒక సంగతి ఉంది. యూనిక్స్‌లో ఫైలు తీసేయడమంటే డైరెక్టరీలోంచి దాని పేరు కొట్టేయడమే. ఏదైనా ప్రోగ్రాం దాన్ని తెరిచి పట్టుకుని ఉంటే, పేరు పోయినా సరుకు డిస్కులోనే ఉంటుంది. డీయూ పేర్ల వెంబడి పోయి లెక్కపెడుతుంది, పేరు లేనిదాన్ని లెక్కలోకి తీసుకోదు. డీఎఫ్ జాగానే చూస్తుంది. అందుకే రెండు లెక్కలు కలవలేదు.

"సార్, ఫైలు తీస్తే కాదు. ఆ ప్రోగ్రాం ఆపాలె" అన్నాను.

"పుస్తకం చదివొచ్చి నాకే చెప్తవా?"

పెద్దాఫీసరు వచ్చి నిలబడ్డాడు. "నెలాఖరయ్యా. అతను చెప్పింది కూడా చూడు, పోయేదేముంది" అన్నాడు. ఇంచార్జి రూట్‌గా లాగిన్ కావాలె. పాస్‌వర్డ్ కొట్టబోతూ ఆగి, నన్ను చూశాడు.

"నువ్వు అటు తిరుగు."

యూనిక్స్‌లో పాస్‌వర్డ్ కొడుతుంటే తెరమీద చుక్క కూడా పడదు. అయినా తిరిగాను. ముప్పై మూడేండ్లవాణ్ని, అంతమంది ముందు, బళ్లో తప్పు చేసిన పిల్లగాడి లెక్క గోడవైపు. చెప్పాల్సింది గోడకే చెప్పాను. "ముందు ఉత్త కిల్ కొట్టండి సార్, తొమ్మిది పెట్టకండి. ఉత్త కిల్ అంటే సర్దుకుని పొమ్మన్నట్టు. తొమ్మిదంటే మెడపట్టి గెంటినట్టు, చేతిలో పని చెడిపోతది." మీటల చప్పుడు. తర్వాత ఎవరూ మాట్లాడలేదు. టైపిస్టమ్మే "వచ్చిందండీ, ఖాళీ వచ్చింది" అంది. అప్పుడు తిరిగాను.

ఆ రాత్రి బిల్లులన్నీ అచ్చయ్యేదాకా నేనే ఉన్నాను. సమస్యను ఇంచార్జి పరిష్కరించినట్టు రిపోర్టు పోయింది. రెండు పేజీల సంజాయిషీ ఇచ్చాను, ఆ ప్రోగ్రాం నంబరుతో సహా. జవాబు రాలేదు, మెమో వెనక్కి తీసుకోలేదు. 2024లో రిటైరయ్యేదాకా అది నా పర్సనల్ ఫైల్లో ఉంది.

ఊరికి పోయినప్పుడు నాయినకు చెప్పాను. డిస్కు సంగతి ఆయనకేం తెలుసు. "మొఖం గోడకు తిప్పిచ్చిండా?" అని అడిగాడు. చాలాసేపు బీడీ తాగాడు. "పటేలు బాయికాడ తొండం కుట్టి లేసి, దూపయితుందంటే, పైకెల్లి దోసిట్ల పోసేటోళ్లు. నేను కుట్టిన తొండం నీళ్లే" అన్నాడు. అప్పటికి ఊళ్లో మోటలు పోయి శానా ఏండ్లయింది.

ఈమధ్య వాడలో మా అక్క కొడుక్కి పాత ల్యాప్‌టాప్ మీద ఉబుంటు ఎక్కించి ఇచ్చాను. అదీ లినక్సే, యూనిక్స్ తోవలో నడిచేదే. వారం కింద రాత్రి ఫోన్ చేశాడు.

"మామా, డిస్కు నిండిందంటున్నది. పాత ఫైళ్లు తీద్దామంటే పాస్‌వర్డ్ అడుగుతున్నది. రూట్ పాస్‌వర్డ్ చెప్పు."

"రూట్‌ది కాదురా. అది 'సుడో', నీ పాస్‌వర్డే అడుగుతది. కొట్టు."

"కొడుతున్న మామా, ఏం కనబడ్తలేదు."

"కనబడదు. కొట్టు."